రాకాసి గుడా, రాళ్ల కుప్పా? పాత రాతి కట్టడాల పుట్టుకను ప్రాదేశిక గణాంకాలతో పరీక్షించడం ఎలా

తెలంగాణ పల్లెల్లో గుట్ట మీదో పొలం గట్టునో పాతకాలపు రాతి కట్టడం కనబడితే ఊరివాళ్లు దానికి అప్పటికే ఒక పేరు పెట్టుకుని ఉంటారు. గోదావరి లోయలో వాటిని రాకాసి గుళ్లంటారు, ఇంకో చోట పాండవుల గుళ్లంటారు. కృష్ణా తీరాన నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిటారుగా పాతిన రాళ్లను నిలురాళ్ల తిమ్మప్పగా కొలుస్తారు, అందులో ఒక రాయిని ఎల్లమ్మగా పూజిస్తారు. పురావస్తు పరిశోధకులు వీటిలో చాలా వాటిని ఇనుప యుగానికి చెందిన బృహత్ శిలా నిర్మాణాలుగా, ఎక్కువగా సమాధులుగా గుర్తించారు. కానీ మీ ఊరి శివారులో ఉన్న ప్రతి రాళ్ల గుంపూ అలాంటిదే అనుకోవడానికి వీల్లేదు. చేను చదును చేసినప్పుడు ఏరి పోసిన కుప్పలు ఉంటాయి, కూలిపోయిన మంచెల దిమ్మెలు ఉంటాయి, పాత గొర్రెల దొడ్ల గోడలూ ఉంటాయి.

ఏది ఏమిటో తవ్వకుండా తేల్చుకోవడానికి, కనీసం ఏ ఊహ నిలబడుతుందో ఏది నిలబడదో చూసుకోవడానికి, ప్రాదేశిక గణాంకశాస్త్రం బాగా ఉపయోగపడుతుంది. కట్టడం ఎక్కడ ఉంది, దేనికి దగ్గరగా ఉంది, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి అనే సంగతులనే ఆధారాలుగా తీసుకుని, అవి కాకతాళీయంగా అలా పడి ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టడమే ఈ పద్ధతి. ఇది కట్టడం వయసు చెప్పదు, కట్టినవాళ్ల పేరూ చెప్పదు. వయసు కోసం నలుపు-ఎరుపు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు, రేడియోకార్బన్ పరీక్షలు కావాలి. ఆ పనులు లైసెన్సు పొందిన సంస్థలవి. మీరు చేయగలిగిన పనిని, చేయాల్సిన వరుసలోనే కింద వివరిస్తున్నాను.

మొదటి అడుగు: ప్రశ్నను, దానికి పోటీగా నిలిచే జవాబులను రాసుకోండి

కాగితం మీద ఒక్క వాక్యంలో ప్రశ్న రాయండి. "ఈ గుట్ట చుట్టూ ఉన్న రాళ్ల కుప్పలు సమాధులా, రైతులు పోసినవా?" అన్నది మంచి ప్రశ్న. "ఈ కట్టడాల రహస్యం ఏమిటి?" అన్నది ప్రశ్న కాదు, ఏ జవాబు వచ్చినా దానికి సరిపోతుంది. ప్రశ్న రాశాక, ఒక్కో జవాబు నిజమైతే పటం మీద ఏం కనబడాలో ముందే రాసిపెట్టుకోండి. రైతులు పోసిన కుప్పలైతే అవి గట్ల వెంబడి, సర్వే నంబర్ల హద్దుల మీద, ఇప్పుడో ఒకప్పుడో సాగులో ఉన్న భూమికి ఆనుకుని ఉండాలి. సమాధులైతే నేటి హద్దులతో వాటికి పని లేదు. రాయి దొరికే చోటికి దగ్గరగా, గుంపులుగా, తరచుగా సాగుకు పనికిరాని మిట్ట మీద కనబడాలి. లెక్కలు వచ్చిన తరువాత ఈ జాబితాకు కొత్త జవాబు చేర్చాలని మనసు లాగుతుంది. చేర్చండి, కానీ అది తరువాత చేర్చిందని తేదీతో సహా రాయండి.

రెండో అడుగు: అనుమతులు తీసుకోండి

పట్టా భూమి అయితే రైతును, అడవి అయితే అటవీ శాఖను అడగాలి. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షిత స్థలమైతే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థను, రాష్ట్ర జాబితాలో ఉంటే రాష్ట్ర వారసత్వ శాఖను సంప్రదించాలి. కొలవడానికి, ఫొటో తీయడానికి మాత్రమే వచ్చామని ముందే చెప్పండి. రాయి కదపవద్దు, మట్టి గీకవద్దు. నేలలో విలువైన వస్తువు ఏదైనా బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. మీరు టేపు పట్టుకుని సమాధుల చుట్టూ తిరుగుతుంటే గుప్తనిధుల కోసం వచ్చారని ఊళ్లో అనుమానం రావడం సహజం. సర్పంచ్‌కు ఒక ఉత్తరం ఇచ్చి, ఊరి మనిషినొకరిని వెంట తీసుకువెళ్లడం అన్ని విధాలా మేలు.

మూడో అడుగు: నేల మీద నడవండి, ఏమీ దొరకని చోటును కూడా రాయండి

మొత్తం పనిలో ఎక్కువ కాలం పట్టేది ఇదే, కొత్తవాళ్లు ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. కట్టడాలు ఉన్నాయని విన్న చోటికి నేరుగా వెళ్లి, వాటిని గుర్తించి, తిరిగి వచ్చేస్తే మీ చేతిలో ఉన్నది కట్టడాల పటం కాదు, మీకు తెలిసిన దారుల పటం. ముందుగా పటం మీద ఒక ప్రాంతానికి హద్దు గీసుకోండి. అది 10 చదరపు కిలోమీటర్లు ఉన్నా చాలు. అందులో 20 మీటర్లకు ఒక వరుస చొప్పున సమాంతరంగా నడవండి. ముళ్లపొదల వల్లనో, కంచె వల్లనో, పైరు వల్లనో నడవలేకపోయిన ముక్కలను విడిగా గుర్తించండి. అక్కడ కట్టడాలు లేవని మీకు తెలియదు, చూడలేదని మాత్రమే తెలుసు. గడ్డి ఎండి, కోతలు అయిపోయి, వానలు ఇంకా మొదలుకాని ఫిబ్రవరి నుంచి మే వరకు ఈ పనికి అనువైన కాలం. తెల్లవారుజామున బయలుదేరి పదింటికల్లా ముగించుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

కనబడిన ప్రతి రాళ్ల గుంపుకూ ఒక నంబరు ఇచ్చి, వ్యాసం, ఎత్తు, చుట్టూ పెద్ద బండలతో వలయం ఉందా లేదా, రాయి ఏ రకం, ఎంతవరకు చెదిరింది, ఊళ్లో దాన్ని ఏమంటారు అన్నవి పట్టికలో రాయండి. అది ఏమై ఉంటుందన్న మీ అంచనాను మాత్రం వేరే గడిలో, నమ్మకం స్థాయితో సహా రాయండి. తరువాత అక్కడికి రాని మిత్రుడికి ఫొటోలు మాత్రమే ఇచ్చి అతని చేత కూడా వర్గీకరణ చేయించండి. ఎక్కడున్నాయో తెలిసిన మనిషి గుట్ట మీది కుప్పను సమాధి అని, చేలోని కుప్పను కుప్ప అని రాసేసే ప్రమాదం ఉంది. అలా రాస్తే తరువాతి గణాంకాలన్నీ మీ అంచనానే తిరిగి మీకు చెబుతాయి.

ఊరి పెద్దలను అడగడం కూడా ఈ దశలో భాగమే. ఒకసారి నేను ఒక చేను మూలన ఉన్న గుండ్రటి రాళ్ల గుట్టను ఎంతో శ్రద్ధగా రెండు వైపులా కొలిచి, ఉత్తర దిక్కు చూపే కడ్డీ పెట్టి ఫొటో తీసి, వలయ సమాధి అని రాసుకుంటున్నాను. గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న పెద్దాయన చాలాసేపు చూసి, "గది మా తాత వోసిన రాళ్లు సారూ, జొన్నకు చెల్క సాపు చేసినప్పుడు ఏరి పోసిండు. మీరడిగే రాకాసి గుడి గా గుట్ట మీదుంటది" అన్నాడు. నా పట్టికలో అది అప్పటికి పద్నాలుగో సమాధి. మిగిలిన పదమూడింటినీ మళ్లీ చూడాల్సి వచ్చింది.

నాలుగో అడుగు: అక్షాంశాలను మీటర్లలోకి మార్చండి

మొబైల్ ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్ల తేడా చూపిస్తుంది. కట్టడానికీ కట్టడానికీ మధ్య వందల మీటర్లు ఉంటే ఇది పర్వాలేదు. ఒకే వరుసలో నిలిపిన రాళ్ల మధ్య ఎడం కొలవాలంటే మాత్రం పనికిరాదు, అక్కడ టేపో, సర్వేయర్లు వాడే టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రమో కావాలి.

అక్షాంశ రేఖాంశాల డిగ్రీలతో దూరాలు లెక్కించకూడదు. మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశానికి, ఒక డిగ్రీ రేఖాంశానికి నేల మీది పొడవు ఒకటి కాదు. అందుకే బిందువులను యూటీఎం పద్ధతిలో, అంటే భూమిని మండలాలుగా (జోన్లుగా) విడగొట్టి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతిలో, మీటర్లలోకి మార్చాలి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఇది రెండు నిమిషాల పని. అయితే మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. యూటీఎం మండలాల హద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదుగా పోతుంది. హైదరాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం 44వ మండలంలో పడితే, ముడుమాల్ హద్దుకు పడమరగా 43వ మండలంలో పడుతుంది. రెండింటినీ కలిపి ఒకే మండలంగా నమోదు చేసిన ఫైళ్లను నేను ఒకటికి రెండుసార్లు చూశాను. పటం తెరవగానే బిందువులు సరైన చోట ఉన్నాయో లేదో శాటిలైట్ చిత్రం మీద పెట్టి కంటితో చూసుకోండి.

ఐదో అడుగు: "గుంపులుగా ఉన్నాయి" అనే ముందు, దేనితో పోల్చి అంటున్నారో తేల్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

బిందువులు గుంపులుగా ఉన్నాయో లేదో చూడటానికి ఉన్న పాత, సులువైన కొలతల్లో ఒకటి 1954లో క్లార్క్, ఎవాన్స్ అనే ఇద్దరు పర్యావరణ శాస్త్రజ్ఞులు ఇచ్చినది. ప్రతి కట్టడానికీ దాని అతి దగ్గరి పొరుగు ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయాలి. బిందువులు ఏ క్రమమూ లేకుండా చల్లినట్టు పడి ఉంటే ఆ సగటు ఎంత ఉండాలో ఒక చిన్న సూత్రం చెబుతుంది: చదరపు కిలోమీటరుకు ఉన్న కట్టడాల సంఖ్యకు వర్గమూలం కట్టి, దాన్ని రెట్టింపు చేసి, ఒకటిని దానితో భాగించాలి.

ఉదాహరణకు, 10 చదరపు కిలోమీటర్లలో మీకు 40 కట్టడాలు దొరికాయనుకోండి. అంటే చదరపు కిలోమీటరుకు 4. వర్గమూలం 2, రెట్టింపు 4, కాబట్టి రావాల్సిన సగటు పావు కిలోమీటరు, అంటే 250 మీటర్లు. మీరు కొలిస్తే 140 మీటర్లే వచ్చిందనుకోండి. ఈ లెక్కలో ప్రామాణిక దోషం (కాకతాళీయంగానే సగటు మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) దాదాపు 21 మీటర్లు, తేడా దానికి అయిదు రెట్లకు పైనే. కట్టడాలు గట్టిగా గుంపులు కట్టాయని, కాకతాళీయం కానే కాదని గణాంకం చెప్పేస్తుంది. ఇక్కడే చాలామంది ఆగి, "పవిత్ర స్థలం చుట్టూ ఉద్దేశపూర్వకంగా కట్టిన శ్మశానం" అని రాసేస్తారు.

ఇప్పుడు పటం మీద మళ్లీ చూడండి. ఆ 10 చదరపు కిలోమీటర్లలో బండరాయి పైకి తేలిన గుట్ట భాగం 3 చదరపు కిలోమీటర్లే, మిగతాదంతా రేగడి చేలు. 40 కట్టడాలూ గుట్ట మీదే ఉన్నాయి. అప్పుడు సాంద్రత చదరపు కిలోమీటరుకు 4 కాదు, 13 పైచిలుకు. రావాల్సిన సగటు 137 మీటర్లు. మీరు కొలిచింది 140. గుంపు మాయమైంది! కట్టడాలు గుట్ట మీద ఉన్నాయన్నది నిజం, కానీ గుట్ట మీద అవి ఏ ప్రత్యేక అమరికా లేకుండానే ఉన్నాయి. బిందువులు మారలేదు, దూరాలు మారలేదు, పోల్చుకున్న నేల ఒక్కటే మారింది.

దీన్ని ఇంకా జాగ్రత్తగా చేయాలంటే బ్రయాన్ రిప్లీ 1970ల్లో ప్రతిపాదించిన కె-ఫంక్షన్ వాడాలి. దగ్గరి పొరుగును మాత్రమే కాక, 50 మీటర్లలోపు ఎన్ని, 100 మీటర్లలోపు ఎన్ని, 500 మీటర్లలోపు ఎన్ని అని ప్రతి దూరానికీ అది లెక్కిస్తుంది. కుటుంబ సమాధుల్లాంటి చిన్న గుంపులు దగ్గరి దూరాల్లోను, ఊళ్ల మధ్య ఎడం పెద్ద దూరాల్లోను బయటపడతాయి. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్పాట్‌స్టాట్ అనే ఉచిత ప్యాకేజీ ఈ పనంతా చేస్తుంది, సర్వే హద్దు అంచుల దగ్గర పొరుగు కట్టడాలు కనబడక వచ్చే దోషాన్ని కూడా సవరిస్తుంది.

ఫలితం నమ్మదగినదో కాదో చూడటానికి మాంటీ కార్లో పరీక్ష చేయండి. కంప్యూటరు చేత అంతే నేల మీద అన్నే బిందువులను 99 సార్లు యాదృచ్ఛికంగా చల్లించి, ప్రతిసారీ అదే లెక్క చేయించి, దూరాన్ని బట్టి లెక్క ఎలా మారుతుందో చూపే మీ అసలు గీత ఆ 99 గీతల పట్టీలోనే ఉందో బయటకు పోయిందో చూడాలి. ఏదో ఒక దూరం దగ్గర గీత కాస్త బయటకు తొంగిచూడగానే సంబరపడకండి. వంద దూరాల దగ్గర చూస్తే ఎక్కడో ఒకచోట తొంగిచూడటం మామూలే. అన్ని దూరాలనూ కలిపి ఒకేసారి పరీక్షించే గ్లోబల్ పట్టీని అదే ప్యాకేజీలో ఎంచుకోవచ్చు.

ఆరో అడుగు: రాయి, నీరు, వాలు

ఇప్పుడు కారణాల వైపు వెళ్లాలి. ప్రతి కట్టడానికీ బండ తేలిన చోటు ఎంత దూరం, వాగు ఎంత దూరం, నేల వాలు ఎంత అని లెక్కించి, అదే సర్వే నేల మీద యాదృచ్ఛికంగా తీసిన వెయ్యి బిందువులకూ అవే కొలతలు లెక్కించండి. రెండూ ఒకేలా ఉంటే ఆ అంశానికి కట్టడాల స్థానంతో సంబంధం లేదు. వేరుగా ఉంటే ఉండవచ్చు. వాలు, ఎత్తుల కోసం ఇస్రో భువన్ వెబ్‌సైట్‌లోని కార్టోశాట్ ఎత్తుల పటాలు, రాతి రకాల కోసం భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి భూకోశ్ పటాలు ఉపయోగపడతాయి. అంశాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక (గుట్ట మీద రాయీ ఉంటుంది, వాలూ ఉంటుంది, నీరు దూరంగానూ ఉంటుంది) చివరికి అన్నిటినీ కలిపి ఒకే పాయిజాన్ నమూనాలో (ఏ చోట ఎన్ని బిందువులు పడవచ్చో అంశాలను బట్టి అంచనా వేసే గణాంక నమూనాలో) పెట్టి, దేని బలం ఎంతో చూడాలి.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకువెళ్లగలదో చూపడానికి పసిఫిక్ సముద్రంలోని రాపా నూయి, అంటే ఈస్టర్ ద్వీపం, మంచి ఉదాహరణ. అక్కడి మోయి విగ్రహాలు నిలిపిన రాతి వేదికలను అహూ అంటారు. అవి ఆ చోట్లలోనే ఎందుకున్నాయన్నది చాలాకాలం చర్చలో ఉంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు బిందు విన్యాస నమూనాలతో నేల మీద రాళ్లు పరిచి పెంచిన తోటలు, సముద్రపు ఆహారం, మంచినీటి ఊటలు అనే మూడు వనరులను పోల్చి చూశారు. వేదికల స్థానాలను అన్నిటికంటే బాగా వివరించింది మంచినీరే. ముందుగా పోటీ జవాబులను రాసుకుని, వాటిని ఒకే తూకంలో తూచడం వల్లే అది సాధ్యమైంది.

అదే ప్రశ్నను మన దగ్గర వేసేవారు ఒక గోతిలో పడతారు. పటంలో నీలంగా కనబడే చెరువులన్నిటినీ "నీటి వనరులు"గా తీసుకుని దూరాలు కొలుస్తారు. రామప్ప, పాఖాల లాంటి మన పేరున్న చెరువులు 13వ శతాబ్దపు కాకతీయుల నాటివి, ఊరూరా ఉన్న కుంటల్లో చాలావాటి కాలం అంతకంటే ఇటుదే. ఇనుప యుగపు మనిషి తన వాళ్లను పూడ్చిన నాటికి ఆ చెరువు లేదు. కాబట్టి చెరువులను తీసేసి, వాగులు, నదులు, ఊటలు మాత్రమే ఉంచండి. వాగులు కూడా దారి మార్చుకుని ఉండవచ్చని గుర్తుంచుకుని, నది పక్కన అయితే పాత పాయల ఆనవాళ్లు చూడండి. దీనికి వ్యతిరేకంగా, కట్టడాలు చెరువులకే దగ్గరగా, చెరువు కట్ట పొడవునా ఉన్నట్టు తేలితే, అవి ఇనుప యుగానివి కావేమోనన్న అనుమానానికి అదొక ఆధారం.

రాయి విషయంలో కూడా ప్రాంతాన్ని బట్టి ఆలోచన మారుతుంది. గోదావరి లోయలో జానంపేట, దామరవాయి ప్రాంతాల సమాధులకు పలకలుగా చీలే ఇసుకరాయి దొరికింది, అందుకే అక్కడ గదుల్లాంటి డోల్మెన్లు కనబడతాయి. దక్కన్ గ్రానైట్ నేలలో గుండ్రటి బండలు సులువుగా దొరుకుతాయి, అక్కడ వలయాలు ఎక్కువ. రెండు రకాల కట్టడాలు రెండు చోట్ల కనబడితే రెండు జాతులు కట్టాయని రాసేముందు, కింది రాయి ఏమిటో చూడాలి.

ఏడో అడుగు: ఇప్పుడు మిగిలినవి ఒకప్పుడు ఉన్నవన్నీ కావు

గుట్ట మీదే సమాధులున్నాయంటే ఒకప్పుడూ గుట్ట మీదే కట్టారనా, చేలల్లో కట్టినవి నాగలికీ ట్రాక్టరుకూ పోయాయనా? దీనికి గణాంకం దానంతట అది జవాబు చెప్పదు. పాత రికార్డులు చూడాలి. నిజాం రాజ్యపు పురావస్తు శాఖ నివేదికలు, సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు, పందొమ్మిదో శతాబ్దంలో సురపురం (నేటి కర్ణాటక) ప్రాంతంలో సమాధులను పరిశీలించిన మెడోస్ టేలర్ లాంటి అధికారుల వర్ణనలు పనికొస్తాయి. వాటిలో ఉండి ఇప్పుడు లేని కట్టడాలను "పోయినవి" అని వేరే రంగుతో పటంలో చేర్చండి. కంకర క్వారీలు, రోడ్లు, వెంచర్లు వచ్చిన నేలను సర్వే హద్దు నుంచి తొలగించి ఒకసారి, తొలగించకుండా ఒకసారి లెక్క చేసి రెండు ఫలితాలూ చూపండి.

ఎనిమిదో అడుగు: పేర్లు కలిపి పంచే పరీక్ష

సమాధులా, కుప్పలా అన్న అసలు ప్రశ్నకు నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. ఇందులో నేల హద్దు ఏదన్న తలనొప్పి చాలావరకు తగ్గిపోతుంది, ఎందుకంటే రెండు రకాలూ ఒకే నడకలో, ఒకే ఎండలో, ఒకే కళ్లతో చూసినవే.

రెవెన్యూ వారి గ్రామ నక్షా సంపాదించి, సర్వే నంబర్ల హద్దులను క్యూజీఐఎస్‌లో గీయండి. మీ మిత్రుడు ఫొటోలు చూసి "బండల వలయం ఉన్నది", "వట్టి కుప్ప" అని విడదీసిన రెండు గుంపులకూ దగ్గరి హద్దు నుంచి సగటు దూరం కట్టండి. వలయాలు హద్దులకు దూరంగా, కుప్పలు దగ్గరగా ఉన్నాయనుకోండి. ఇప్పుడు స్థానాలను కదపకుండా పేర్లను మాత్రమే చీట్లలా కలిపి మళ్లీ పంచండి, తేడా లెక్కించండి. ఇలా 999 సార్లు కంప్యూటరు చేత చేయించండి. అంత పెద్ద తేడా లేదా అంతకంటే పెద్దది మూడుసార్లే వస్తే, అసలు దాన్ని కూడా కలుపుకుని వెయ్యిలో నాలుగు, అంటే 0.004 సంభావ్యత. ఆకారంలో వేరుగా కనబడిన రెండు రకాలు స్థానంలో కూడా వేరేనని అప్పుడు ధైర్యంగా రాయవచ్చు. రెండు స్వతంత్ర ఆధారాలు ఒకే వైపు చూపుతున్నాయన్నమాట.

తేడా రాకపోతే? మీ వలయాల్లో కొన్నయినా కుప్పలేమో, లేక పాత సమాధుల మీదే రైతులు ఏరిన రాళ్లు పోశారేమో. రెండోది మనం అనుకునేదానికంటే ఎక్కువగా జరుగుతుంది. ఎలాగూ దున్నలేని చోటు కనుక రాళ్లన్నీ అక్కడికే చేరుతాయి.

తొమ్మిదో అడుగు: వరుసలు, దిక్కులు, కొలమానాలు (జాగ్రత్త)

పటం మీద స్కేలు పెట్టి మూడు నాలుగు కట్టడాలను కలిపే గీత దొరకగానే పాత రహదారి కనబడిందనిపిస్తుంది. ఇంగ్లండులో 1920ల్లో ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ ఇలాంటి గీతలకే "లే" అని పేరు పెట్టాడు. తరువాత కార్న్‌వాల్‌లోని లాండ్స్ ఎండ్ ప్రాంతంలో 52 రాళ్ల మధ్య వరుసలున్నాయన్న వాదన వస్తే, 1980లో గణాంకవేత్తలు సైమన్ బ్రాడ్‌బెంట్, డేవిడ్ కెండాల్, విల్‌ఫ్రిడ్ కెండాల్ దాన్ని పరీక్షకు పెట్టారు. 52 బిందువుల నుంచి మూడేసి చొప్పున 22,100 జట్లు ఎంచుకోవచ్చు. అన్ని జట్లలో కొన్ని దాదాపు సరళరేఖలో పడకపోతేనే ఆశ్చర్యం. మీ 40 కట్టడాలకు కూడా 9,880 జట్లుంటాయి. నూటికి ఒకటి వరుసలో పడినా దాదాపు వంద గీతలు. అందుకే "ఎన్ని గీతలు దొరికాయి" అని కాక, "అదే గుట్టల మీద అన్నే బిందువులు చల్లితే ఎన్ని దొరుకుతాయి" అని అడగాలి.

ముడుమాల్ సంగతి వేరు. అక్కడ వరుసలు కంటికి కనబడతాయి. ఎత్తయిన నిలువురాళ్లు దాదాపు 80, చిన్న రాళ్లు దాదాపు 3,000 ఉన్నాయని లెక్క, 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినప్పుడు ఈ సంఖ్యలు ప్రముఖంగా వచ్చాయి. ఇక్కడ అడగాల్సింది వరుస ఉందా అని కాదు, ఏ దిక్కుకు, ఏ ఎడంతో అని. దిక్కులు కొలిచేటప్పుడు దిక్సూచిని పూర్తిగా నమ్మకండి. మన గ్రానైట్ నేలలో నల్లటి డోలరైట్ రాయి చీలికలుగా పాకి ఉంటుంది, దానిలోని ఇనుము ముల్లును లాగగలదు. వరుస రెండు కొనల జీపీఎస్ స్థానాల నుంచి దిక్కు లెక్కించడం మేలు. వరుసకు ముందూ వెనుకా తేడా లేదు కనుక 65 డిగ్రీలూ 245 డిగ్రీలూ ఒకటే. కోణాలను రెట్టింపు చేసి, అవి ఒకే దిక్కు చుట్టూ చేరాయో లేదో చూసే రేలీ పరీక్ష చేయాలి. ఆ అక్షాంశంలో క్షితిజం సమంగా ఉంటే ఉత్తరాయణం ముగిసే నాడు (జూన్ 21 ప్రాంతంలో) సూర్యుడు ఉత్తరం నుంచి దాదాపు 65 డిగ్రీల దగ్గర, దక్షిణాయనం ముగిసే నాడు (డిసెంబరు 21 ప్రాంతంలో) దాదాపు 115 డిగ్రీల దగ్గర ఉదయిస్తాడు. తూర్పు, ఆ రెండు, చంద్రుడు ఉదయించే ఉత్తర, దక్షిణ కొసలు, నాలుగైదు మెరిసే నక్షత్రాలు అన్నిటినీ లక్ష్యాలుగా పెట్టుకుంటే దాదాపు ఏ వరుసైనా దేనికో ఒకదానికి సరిపోతుంది. అందుకే లక్ష్యాలను కొలవడానికి ముందే, రెండు మూడింటికి మించకుండా రాసిపెట్టుకోవాలి. ముడుమాల్‌లో ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు చెప్పారు. దాన్ని గణాంకంగా పరీక్షించాలనుకునేవారు చుట్టుపక్కల గుంటలున్న రాళ్లన్నిటినీ నమోదు చేసి, ఎన్నింటిలో ఒకటి పోలిందో, ఎన్ని నక్షత్ర మండలాలతో పోల్చి చూశారో ఆ రెండు సంఖ్యలనూ లెక్కలోకి తేవాలి.

ఎడాల విషయంలో, రాళ్లు నిలిపినవాళ్లు ఏదైనా నిర్దిష్ట కొలమానం వాడారా అని చూడటానికి డేవిడ్ కెండాల్ 1974లో చెప్పిన పద్ధతి ఉంది. స్కాట్లండ్ రాతి వలయాల్లో 0.829 మీటర్ల "మెగాలిథిక్ గజం" ఉందని అలెగ్జాండర్ థామ్ అన్న మాటను పరీక్షించడానికే ఆయన దాన్ని రూపొందించాడు. ఒక కొలమానాన్ని ఊహించుకుని, ప్రతి ఎడాన్నీ దానితో భాగించి, మిగిలే శేషం సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కువ, సగానికి దగ్గరగా ఉంటే తక్కువ మార్కులు వేస్తారు. ఇలా చిన్న నుంచి పెద్ద వరకు కొలమానాలన్నిటికీ మార్కులు వేసి, అన్నిటికంటే ఎత్తయిన శిఖరాన్ని, కొలమానమే లేని కృత్రిమ ఎడాల మీద వచ్చే శిఖరాలతో పోల్చాలి. కెండాల్‌కు ఏదో కొలమానం ఉన్నట్టు ఆధారం కనబడింది. అది కర్రతో కొలిచిందా, అడుగులు వేసుకుంటూ కొలిచిందా అన్న వాదం ఆ తరువాతా సాగింది. మన దగ్గర కూడా జాన, మూర, బార, అడుగు అన్నీ ఒంటి కొలతలే. మనిషికీ మనిషికీ మూర మారుతుంది కనుక శిఖరం మొండిగా, వెడల్పుగా వస్తే నిరాశపడకండి, కొలతకర్ర వాడకుండా చేత్తోనో అడుగులతోనో కొలిచిన పనికి అలాగే రావాలి. దీనికి కనీసం 100 ఎడాలు కావాలి, రాయి మధ్య నుంచి రాయి మధ్యకు కొలవాలి, ఒరిగిన రాళ్లను వేరుగా ఉంచాలి.

పదో అడుగు: రాసేటప్పుడు

ఎన్ని పరీక్షలు చేశారో అన్నీ రాయండి, పనిచేయనివి ముందు రాయండి. నిజం కాని ఇరవై ఊహలను పరీక్షించినా సగటున వాటిలో ఒకదానికి ఊరికే 0.05 కంటే తక్కువ సంభావ్యత వచ్చి, నిజమనిపిస్తుంది. "సమాధులని రుజువైంది" అనకుండా, "ఈ 40లో 26 కట్టడాల స్థానాన్ని పొలాల హద్దులు వివరించలేవు, రాతి లభ్యత వివరిస్తుంది" అన్న తీరులో, సంఖ్యతోను, ఎంతవరకు తెలుసో ఆ పరిమితితోను చెప్పండి. కోడు, పట్టిక, సర్వే హద్దు మూడూ భద్రపరిచి ఇంకొకరు అదే లెక్క మళ్లీ చేయగలిగేలా ఉంచండి.

ఖచ్చితమైన అక్షాంశాలను మాత్రం ప్రజలకు అందుబాటులో పెట్టవద్దు. బయటకు ఇచ్చే పటంలో బిందువులను కిలోమీటరు గళ్లలోకి సర్దేసి, అసలు ఫైలును రాష్ట్ర వారసత్వ శాఖకు, అడిగిన పరిశోధకులకు మాత్రమే ఇవ్వండి. గుప్తనిధుల కోసం రాత్రిపూట గడ్డపారలతో వచ్చేవాళ్ల ఫోన్లలో కూడా జీపీఎస్ ఉంటుంది, మీరు నెలల తరబడి నడిచి తయారుచేసిన పట్టిక వాళ్లకు ఒక్క రాత్రి పనిని సులువు చేస్తుంది.